ఇసుకని నమ్మిన కాటన్ దొర

ప్రకాశం బ్యారేజి మీద బైక్ మీద వెళ్తూ గేట్లు చూస్తాం, నీళ్లు చూస్తాం, సెల్ఫీ దిగుతాం. ఆ నీళ్ల కింద ఉన్న ఇసుక ఎంత బరువు మోయగలదు అన్నది మాత్రం మనకి తట్టదు. సర్ ఆర్థర్ కాటన్ బుర్రని ఏళ్ల తరబడి తొలిచింది ఆ ప్రశ్నే.

ఇప్పుడైతే దీనికి ఫ్రీ-ఫాల్ ప్రోబ్ అని ఒక పరికరం ఉంది. పడవ మీంచి వదిలేస్తే సొంత బరువుతో నీళ్లలో దిగి అడుగున గుచ్చుకుంటుంది. లోపలి యాక్సిలరోమీటర్ (ఫోన్ అడ్డంగా తిప్పితే స్క్రీన్ తిరిగేది ఇలాంటి దానివల్లే) దాని వేగం ఎలా తగ్గిందో రికార్డు చేస్తుంది. మెత్తటి బురదైతే లోతుకి పోయి మెల్లగా ఆగుతుంది. గట్టి ఇసుకైతే టక్కున ఆగిపోతుంది. ఆ ఆగిన తీరుని బట్టి నేల బలం లెక్క కడతారు. కాటన్ కాలంలో సెన్సార్లు ఎక్కడివి? ఉన్నవి రాళ్లే.

కాటన్ 1803లో ఇంగ్లండులో పుట్టారు. 1821లో మద్రాసు వచ్చేసరికి ఆయన వయసు 18, అంటే నాకన్నా ఒక ఏడాది చిన్న! కొన్నాళ్లకి కావేరి పనుల మీద తంజావూరు వైపు వెళ్లారు. అక్కడ ఆయనకి దొరికిన గురువు కల్లణై, చోళరాజు కరికాలుడు కట్టించాడని చెప్పుకునే పాత ఆనకట్ట. ఎంత లోతుందో తెలియని ఇసుక మీద అది వందల ఏళ్లుగా ఎలా నిలబడింది? పెద్ద పెద్ద రాళ్లు నదిలో పడేస్తే ఇసుకలోకి కుంగుతాయి. వాటి మీద ఇంకొన్ని వేస్తే అవీ కుంగుతాయి. అలా వేస్తూ పోతే ఒక లోతు దగ్గర ఇక కదలవు. కట్టడం దాని మీద లేపాలి. ప్రోబ్ ఒక క్షణంలో చెప్పేది ఈ రాళ్లు వరద తర్వాత వరద చూసి చెప్పేవి. రెండూ ఒకటే అనను, రాయి కుంగడానికి కింద ఇసుక కోసుకుపోవడం కూడా కారణం. కానీ అడిగే ప్రశ్న ఒకటే: ఎక్కడ ఆగావు?

ఈ విద్య ఇక్కడి వాళ్ల దగ్గరే నేర్చుకున్నామని కాటన్ తర్వాత రాశారు కూడా. పాలించే జాతి వాడు ఆ రోజుల్లో ఆ మాట ఒప్పుకోవడం నాకు ఆనకట్టకన్నా పెద్ద విషయంగా అనిపిస్తుంది.

1836లో కొల్లిడం మీద ఆనకట్ట కట్టారు. తర్వాత ఆరోగ్యం చెడి ఆస్ట్రేలియా వైపు వెళ్లారు, టాస్మేనియాలో పెళ్లి, మళ్లీ ఇక్కడికే. అంతకుముందే 1833 కరువులో గుంటూరు ప్రాంతం శవాల దిబ్బ అయింది. నది నిండా నీళ్లు పారి సముద్రంలో కలుస్తుంటే పక్క ఊళ్లలో జనం ఆకలితో చచ్చారు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో అయింది. అడిగినంత మంది ఇంజనీర్లని ప్రభుత్వం ఇవ్వలేదు, అయినా గోదావరి నాలుగు పాయల్నీ కట్టేశారు.

ఆ వెంటనే మన కృష్ణ. బెజవాడ దగ్గర ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకీ మధ్య నది ఇరుకు, అందుకే వరదలో మహా ఉధృతం. రెండు వైపులా కొండలే కాబట్టి రాయికి మాత్రం కొదవ లేదు. కాటన్ దీనికి గట్టిగా పట్టుబట్టారు గానీ, 1852 నుంచి 1855 దాకా ఎండలో నిలబడి కట్టించింది కెప్టెన్ చార్లెస్ ఆర్. రాళ్లు నదిలో గుట్టగా పోసి, కుంగిన చోట మళ్లీ పోసి, సుమారు 1,132 మీటర్ల కట్ట లేపారు. ఆర్ పేరు మన క్లాసులో ఎంతమందికి తెలుసు? రాళ్లు మోసిన కూలీల సంగతి సరేసరి, వాళ్ల పేర్లు ఎవరూ రాసుకోలేదు.

కాటన్‌కి 1861లో సర్ బిరుదు వచ్చింది. రైళ్లకన్నా కాలవలే మేలని వాదించినందుకు 1878లో, 75 ఏళ్ల వయసులో, బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు ప్రశ్నలు ఎదుర్కోవాల్సి వచ్చింది. 1899లో ఇంగ్లండులో చనిపోయారు.

బెజవాడ ఆనకట్ట ఆయన తర్వాత కూడా అర్ధ శతాబ్దం నిలిచింది. 1952లో గండి పడింది. దాని బదులు కట్టిన ప్రకాశం బ్యారేజి 1957లో మొదలైంది. 2024 సెప్టెంబరులో దాని గేట్ల గుండా 11 లక్షల క్యూసెక్కుల పైన నీళ్లు పోయాయి.