యల్లాప్రగడ సుబ్బారావు

నేటి పశ్చిమగోదావరి జిల్లాలోని భీమవరమున 1895 జనవరి 12వ తేదీన యల్లాప్రగడ సుబ్బారావు జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. సంసారము లేమితో కూడినది. బాలుడు మొదట చదువున రాణింపలేదు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మదరాసులో కృతార్థుడయ్యెను.

మదరాసు వైద్యకళాశాలలో చదువునపుడు గాంధీమహాత్ముని పిలుపు విని ఆయన ఖద్దరు దుస్తులతో శస్త్రచికిత్సాశాలకేగెను. ఆచార్యునకది రుచింపలేదు. అందుచే ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా, తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. స్ప్రూ అను గ్రహణివ్యాధి ఆయన సోదరుల నిద్దరిని బలిగొనెను. ఆ దుఃఖము ఆయనను మందుల అన్వేషణకు పురికొల్పెను.

మామగారి తోడ్పాటుతో అమెరికా చేరి, రాత్రులు ఆసుపత్రిలో చిన్నపనులు చేయుచు, హార్వర్డు విశ్వవిద్యాలయమున జీవరసాయనశాస్త్రము నభ్యసించెను. కణములకు శక్తినిచ్చు ఏ.టి.పి. అను పదార్థమును 1929లో వెల్లడించినవారిలో ఆయన యొకడు. 1940లో లెడర్లీ పరిశోధనాలయమున చేరి, తన బృందముతో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయించెను. స్ప్రూ రోగుల రక్తహీనతను మాన్పునది అదియే!

ఫోలిక్ ఆమ్లమును పోలియుండియు దాని పని నడ్డగించు అమినోప్టెరిన్ అను మందును కూడ ఆ బృందము నిర్మించెను. బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు దానిని రక్తక్యాన్సరుగల 16 మంది పిల్లలకిచ్చెను. వారిలో 10 మందికి కొంతకాలము గుణము కనిపించినట్లు 1948లో ప్రకటించెను. ఆ యేడాది ఆగస్టులోనే సుబ్బారావు తన 53వ యేట కన్నుమూసెను.

ఆయన మందు పని అంతటితో ముగియలేదు. మన దేహమునందలి బి-కణములు రోగక్రిములను పట్టు ప్రతిరక్షకములను పుట్టించును. ఒకే లక్ష్యమును గుర్తించు ప్రతిరక్షకమును కావలసినంత పొందు ఉపాయమును 1975లో కేంబ్రిడ్జి నగరమున కోలరు, మిల్‌స్టైను అను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. పాత్రలో పెంచిన బి-కణము త్వరలో నశించును. క్యాన్సరు కణము నశింపక పెరుగుచుండును. వారు ఎలుకల నుండి తీసిన ఈ రెండువిధముల కణములను జతగూర్చి ఒకటి చేసిరి. కాని, జతగూడక మిగిలిన క్యాన్సరు కణములు పాత్రనంతయు నాక్రమించును. వానిని ఏరివేయుట ఎట్లు?

ఇచట అమినోప్టెరిన్ చేటవలె ఉపయోగపడెను. కణములు డి.ఎన్.ఏ. నిర్మించుకొను ప్రధానమార్గమును అది మూసివేయును. వారెన్నుకొన్న క్యాన్సరు కణములకు రెండవ మార్గము లేదు, అవి చచ్చును. జతగూడినవానికి ఆ మార్గము బి-కణమునుండి సంక్రమించును. అవి మాత్రమే బ్రతుకును. ఈ పద్ధతితోనే 1980లో, బోస్టనులో ఫార్బరు పేర వెలసిన సంస్థయందు, మానవుని బి-కణములపై నుండు ప్రోటీనును గుర్తించు ప్రతిరక్షకము వెలువడెను. ఆ ప్రోటీనే నేటి సి.డి.20. క్యాన్సరు బి-కణములలో పుట్టినదా, కాదా యని తెలిసికొనుటకు అట్టి ప్రతిరక్షకములు వైద్యులకు తోడ్పడుచున్నవి.

నేడు సంగారెడ్డి, పటాన్‌చెరువు, బొల్లారము ప్రాంతముల బాలబాలికలు మందుల కర్మాగారములను చూచుచు పాఠశాలకేగుచున్నారు. పరీక్ష తప్పిన ఒక తెలుగు బాలుడు పట్టు విడువక చేసిన కృషి, అతడు కలలోనైన నూహింపని రోగులకు సైతము అక్కరకు వచ్చెనని వారు గుర్తుంచుకొందురుగాక!