సాక్సఫోను తపస్వి జాన్ కోల్ట్రేన్

జాజ్ సంగీతాన్ని గ్రామఫోను రికార్డులపై విని ఆనందించే రసికుల ఇళ్లలో తప్పక కనిపించే పేర్లలో జాన్ కోల్ట్రేన్ పేరు ఒకటి. ఆయన జీవించినది 40 సంవత్సరాలు. అందులో మొదటి 30 సంవత్సరాలు విద్యార్థి దశలోను, ఇతరుల బృందాలలో సహకార వాద్యకునిగాను గడిచిపోయినవి. ఆయన కీర్తిని నిలబెట్టిన రికార్డులు దాదాపు అన్నీ తుది పదేళ్లలో వెలువడినవే. ఆ పదేళ్లు సైతం ఆయనకు దక్కకుండా పోవలసినవే. 1957లో, తల్లి ఇంట ఒక గదిలో, ఆయన తనతో తాను చేసిన పోరాటం వాటిని దక్కించింది.

కోల్ట్రేన్ 1926 సెప్టెంబరు 23న అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో హామ్లెట్ అనే చిన్న ఊరిలో జన్మించాడు. పెరిగినది అదే రాష్ట్రంలోని హైపాయింట్ పట్టణంలో. తండ్రి దర్జీ, తీరిక వేళల్లో వయొలిన్ వాయించుకునేవాడు. మాతామహుడు క్రైస్తవ మతబోధకుడు. అందుచేత ప్రార్థనామందిరపు గానం ఆ బాలుని చెవిని చిన్ననాడే సోకింది. నల్లజాతి పిల్లలకు వేరే బడి, వేరే బాట అనే కట్టుబాట్లు చెల్లుతున్న రోజులవి. 1938 చివరను, 1939 ఆరంభంలోను, కొద్ది నెలల వ్యవధిలో, తాత, తండ్రి, మరికొందరు ఆప్తులు ఒకరి వెంట ఒకరు కన్నుమూశారు. అప్పటికి జాన్‌కు పన్నెండేళ్లు. ఆ దుఃఖం వెంబడే అతని చేతికి వాద్యం వచ్చింది. ఊరి బాండు బృందంలో చేరి మొదట ఆల్టో హారన్, పిదప క్లారినెట్ నేర్చాడు. ఆ తరువాత సాక్సఫోను చేపట్టాడు. నోటి దగ్గర రెల్లు పలుకను బిగించి ఊదే ఈ ఇత్తడి వాద్యమే అతనికి జీవితమంతా తోడుగా నిలిచింది.

1943లో ఉన్నత పాఠశాల చదువు ముగించుకొని ఫిలడెల్ఫియా నగరానికి చేరాడు. పగలు చక్కెర కర్మాగారంలో పని, మిగిలిన వేళ సంగీత పాఠశాల. 1945 జూన్ 5న అక్కడ చార్లీ పార్కర్ కచేరీ విన్నాడు. మెరుపు వేగంతో స్వరాలను అల్లుకుపోయే ఆ మహావిద్వాంసుని వాద్యం యువకుని నిద్ర పోనీయలేదు. అదే సంవత్సరం నౌకాదళంలో చేరి, హవాయిలో నావికుల బాండులో వాయించి, 1946లో తిరిగి వచ్చాడు. తరువాత గ్రానఫ్ సంగీత విద్యాలయంలో డెనిస్ సాండోల్ అనే గురువు వద్ద స్వరశాస్త్రం అభ్యసించాడు.

కోల్ట్రేన్ బాలమేధావి కాడు. ఇరవై ఏళ్లకే పేరు తెచ్చుకున్న సమకాలికులతో పోల్చినప్పుడు ఆయన పురోగతి మందగమనమే. ఆ లోటును సాధకంతో పూడ్చుకున్నాడు. గంటల తరబడి ఒకే స్వరక్రమాన్ని అన్ని శ్రుతులలోను పలికించేవాడు. రాత్రివేళ ఇరుగుపొరుగువారికి నిద్రాభంగం కాకుండ, ఊదకుండానే మీటలపై వేళ్లు కదుపుతూ అభ్యాసం సాగించేవాడు. తన వాద్యానికి చెందని పాఠాలను సైతం విడువలేదు. నికొలాస్ స్లొనీమ్‌స్కీ కూర్చిన స్వరసంపుటిని, హార్ప్ అనే తంత్రీవాద్యానికి వ్రాసిన పాఠాలను తెచ్చుకొని సాక్సఫోనుపై సాధించాడు. పేరు ప్రతిష్ఠలు వచ్చిన తరువాత కూడ ఈ విద్యార్థి లక్షణం ఆయనను వీడలేదు.

జాజ్‌లో వ్రాసిపెట్టిన బాణీ స్వల్పం. వాద్యకుడు అప్పటికప్పుడు కల్పించేది అధికం. కర్ణాటక సంగీతంలో మనోధర్మానికి ఉన్న స్థానం అక్కడ ఈ కల్పనకు ఉన్నది. ఇట్టి సంగీతానికి తొలినాటి రికార్డు ఇరుకైన పంజరం. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ పళ్లేన్ని లక్కతో చేసేవారు. ఆ లక్క ప్రధానంగా భారతదేశం నుంచే ఎగుమతి అయ్యేది. పది అంగుళాల పళ్లెంపై ఒక్కొక్క వైపు సుమారు 3 నిమిషాల సంగీతం పట్టేది. ఆ కొద్ది వ్యవధిలో ఒక పాట పాడవచ్చును గాని, రాగాలాపన సాగదు. 1948 జూన్‌లో కొలంబియా కంపెనీ వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేసిన లాంగ్ ప్లే రికార్డును విడుదల చేసింది. వేగం 33⅓ చుట్లకు తగ్గింది. గాడులు సన్నబడి దగ్గరైనవి. ఒక వైపున 20 నిమిషాలకు మించిన సంగీతం ఇమిడింది. దీర్ఘంగా ఆలోచించి, దీర్ఘంగా పలికే స్వభావం గల కోల్ట్రేన్‌కు ఇది సకాలంలో అందిన సాధనం.

1949 నుంచి 1951 వరకు డిజ్జీ గిలెస్పీ బృందంలో ఉన్న కోల్ట్రేన్‌ను 1955లో ట్రంపెటు విద్వాంసుడు మైల్స్ డేవిస్ తన బృందంలోకి తీసుకున్నాడు. అదృష్టం తలుపు తట్టిన ఆ వేళకే కోల్ట్రేన్ హెరాయిన్ అనే మత్తుమందుకు, మద్యానికి బానిస అయి ఉన్నాడు. ఆనాటి జాజ్ వాద్యకులలో పలువురిని కబళించిన వ్యసనమది. 1955లో 34 ఏళ్లకే చార్లీ పార్కర్ మరణానికి అదే దారి తీసింది. పార్కర్ వాద్యాన్ని అనుసరించిన యువకులలో కొందరు ఆయన వ్యసనాన్ని కూడ అనుసరించడం ఆ తరానికి పట్టిన దౌర్భాగ్యం. 1957 వసంతంలో మైల్స్ డేవిస్ కోల్ట్రేన్‌ను బృందం నుంచి తొలగించాడు.

కోల్ట్రేన్ ఫిలడెల్ఫియాలోని తల్లి ఇంటికి వెళ్లి, గదిలో ఉండిపోయి, మత్తుమందును ఒక్కసారిగా మానివేశాడు. ఒళ్లంతా నొప్పులు, వణుకు, నిద్రలేమి. తల్లి, భార్య నైమా అండగా నిలిచారు. ఆ రోజులలోనే దైవానుగ్రహం తనకు లభించినదని, తన సంగీతంతో ఇతరులకు సంతోషం పంచే శక్తిని ప్రసాదించమని వేడుకున్నానని ఆయన తరువాత తన రికార్డు అట్టపై స్వయంగా వ్రాసుకున్నాడు. ఆ ఇంటిని అమెరికా ప్రభుత్వం 1999లో జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించింది.

వ్యసనం విడిచిన మనిషికి కాలం విలువ తెలిసివచ్చింది. 1957 మే 31న తన పేర మొదటి రికార్డు చేశాడు. ఆ వేసవిలో పియానో విద్వాంసుడు థెలోనియస్ మంక్ బృందంలో చేరి, న్యూయార్కులోని ఫైవ్ స్పాట్ అనే చిన్న శాలలో నెలల తరబడి వాయించాడు. సెప్టెంబరు 15న ‘బ్లూ ట్రెయిన్’ రికార్డు తయారైంది. దానిని ధ్వనిముద్రణ చేసిన రూడీ వాన్ గెల్డర్ పగటివేళ కంటి పరీక్షకుడు. న్యూజెర్సీలోని హాకెన్‌సాక్‌లో తల్లిదండ్రుల ఇంటి ముందు గదినే స్టూడియోగా మార్చుకున్న స్వయంకృషీవలుడు. ఆ గదిలో ముద్రితమైన సాక్సఫోను ధ్వని నేటికీ ఎదుట నిలబడి వాయించినట్లే వినిపిస్తుంది.

1959 సంవత్సరం జాజ్ రికార్డుల చరిత్రలో ప్రసిద్ధం. తిరిగి మైల్స్ డేవిస్ పక్కన చేరిన కోల్ట్రేన్, ఆ ఏడాది ‘కైండ్ ఆఫ్ బ్లూ’ రికార్డులో వాయించాడు. పూర్వం చర్చిగా ఉన్న కొలంబియా స్టూడియోలో మార్చి 2న, ఏప్రిల్ 22న ముద్రణ జరిగింది. త్వరత్వరగా మారే స్వరసముదాయాలకు బదులు, ఒక్కొక్క స్వరశ్రేణిని ఆధారంగా చేసుకొని నెమ్మదిగా విస్తరించే పద్ధతి ఇందులోనిది. రాగ విస్తారానికి అలవడిన చెవికి ఇది సులభంగా అందుతుంది. మొదటి రోజున ముద్రణ యంత్రం కొంచెం నిదానంగా నడిచింది. అందుచేత మొదటి వైపున ఉన్న మూడు రచనలు రికార్డుపై రవ్వంత హెచ్చు శ్రుతిలో వినిపించేవి. 1992లో సవరించిన ముద్రణ వెలువడే వరకు, 30 ఏళ్లకు పైగా, శ్రోతలు వాటిని ఆ శ్రుతిలోనే విన్నారు.

అదే ఏడాది మే నెలలో కోల్ట్రేన్ ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైన మార్గంలో ‘జయంట్ స్టెప్స్’ రచనను ముద్రించాడు. అందులో స్వరాధారం క్షణక్షణం మారుతూ ఉంటుంది. నేటికీ సంగీత విద్యార్థులకు అది గట్టి పరీక్ష. ఆనాడు పియానోపై కూర్చున్న టామీ ఫ్లానగన్ వంటి నేర్పరి సైతం తన వంతు వచ్చినప్పుడు తడబడడం రికార్డులో స్పష్టంగా వినిపిస్తుంది. ఆ రికార్డులోనే భార్య పేర ‘నైమా’, వరుసకు సోదరి అయిన మేరీ పేర ‘కజిన్ మేరీ’ అనే రచనలున్నవి. కష్టకాలంలో తోడు నిలిచినవారికి ఆయన చెల్లించిన ఋణం అది.

1960లో సొంత బృందం ఏర్పడింది. పియానోకు మకాయ్ టైనర్, డ్రమ్ములకు ఎల్విన్ జోన్స్, కొంతకాలానికి డబుల్ బాస్‌కు జిమ్మీ గారిసన్ కుదిరారు. ‘మై ఫేవరిట్ థింగ్స్’ అనే నాటకశాల పాటను సొప్రానో సాక్సఫోనుపై 13 నిమిషాలకు పైగా విస్తరించి వాయించగా, అది జనాదరణ పొందింది. ఆ సన్నని గొంతు గల వాద్యం విన్నవారికి నాదస్వరం స్ఫురించడం వింత కాదు. రవిశంకర్ సితారు రికార్డులను కోల్ట్రేన్ శ్రద్ధగా వినేవాడు. 1961 నవంబరులో న్యూయార్కులోని విలేజ్ వాన్‌గార్డ్ శాలలో ‘ఇండియా’ అనే రచన వాయించినప్పుడు, రెండు డబుల్ బాస్‌లను తంబురా వలె ఆధారశ్రుతిగా నిలిపాడు. తరువాత రవిశంకర్‌ను కలిసి భారతీయ సంగీతపు ప్రాథమిక సూత్రాలు తెలుసుకున్నాడు. 1965లో పుట్టిన కుమారునికి రవి అని పేరు పెట్టాడు. ఆ రవి కోల్ట్రేన్ కూడ సాక్సఫోను విద్వాంసుడే అయినాడు.

1963 సెప్టెంబరు 15న అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో జాతివిద్వేషులు చర్చిలో బాంబు పేల్చగా నలుగురు నల్లజాతి బాలికలు మరణించారు. రెండు నెలలకు కోల్ట్రేన్ ‘అలబామా’ అనే రచన ముద్రించాడు. అందులో మాట లేదు, ఆక్రోశం లేదు. చనిపోయినవారి ఇంటి ముందు నిలిచి మెల్లగా పలికే పరామర్శ వలె సాక్సఫోను సాగుతుంది.

1964 డిసెంబరు 9న, ఒకే దినాన, ‘ఎ లవ్ సుప్రీమ్’ రూపొందింది. పరమ ప్రేమ అని ఆ పేరుకు అర్థం. 1957లో తనను నిలబెట్టిన దైవానికి కోల్ట్రేన్ సమర్పించిన కృతజ్ఞత ఇది. నిడివి సుమారు 33 నిమిషాలు; నాలుగు భాగాలు. మొదటి భాగంలో నాలుగు స్వరాల చిన్న పదబంధాన్ని పన్నెండు శ్రుతులలోను తిప్పి, దైవం అన్ని దిక్కుల ఉన్నట్లు చూపి, పిదప ఆ నాలుగు స్వరాలనే కంఠంతో జపంగా అందుకుంటాడు. రెండవ భాగంతో ఒక వైపు ముగుస్తుంది. ముల్లు చివరి గాడిలో తిరుగుతూ ఉండగా శ్రోత లేచి, రికార్డును రెండవ వైపుకు మార్చాలి. ఆ కొద్దిపాటి నిశ్శబ్దం విన్నదానిని మనస్సులో నిలుపుకొనడానికి ఉపకరిస్తుంది. తరువాత డ్రమ్ముల తనియావర్తనంతో మూడవ భాగం లేస్తుంది. నాలుగవ భాగంలో కోల్ట్రేన్ తాను వ్రాసిన ప్రార్థనాగీతాన్ని అక్షరమక్షరంగా వాద్యంపై పలికించాడు. ఆ గీతం అట్టపై అచ్చయి ఉన్నది. వీణ వాయించే విద్వాంసుడు కీర్తన సాహిత్యాన్ని మనస్సులో పలుకుతూ మీటినట్లే ఇదీను. అట్టను చేత పట్టుకొని చదువుతూ వింటే ఒక్కొక్క పదం వాద్యంలో గోచరిస్తుంది.

ఇంతటి ఆదరణ లభించిన చోట ఆయన ఆగలేదు. 1965 జూన్‌లో పదకొండుమందితో ‘అసెన్షన్’ ముద్రించాడు. బాణీ, తాళం అనే కట్లు సడలిన ఆ సంగీతం పలువురికి కేవలం కోలాహలంగా తోచింది. అభిమానులు కొందరు వెనుదిరిగారు. 1966 ఆరంభానికి టైనర్, జోన్స్ కూడ బృందాన్ని విడిచారు. రెండవ భార్య ఆలిస్ పియానోపై చేరింది. 1966 జూలైలో జపాన్ యాత్రలో కోల్ట్రేన్ నాగసాకిలో అణుబాంబు మృతుల స్మారకాన్ని దర్శించాడు. మరుసటి ఏడాది, 1967 జూలై 17న, కాలేయపు కాన్సర్‌తో లాంగ్ ఐలాండ్‌లోని ఆసుపత్రిలో మరణించాడు. నాలుగు రోజుల తరువాత జరిగిన అంత్యక్రియలలో ఆర్నెట్ కోల్మన్, ఆల్బర్ట్ ఐలర్ బృందాలు వాయించినవి.

మరణానంతరం కూడ ఆయన రికార్డులు వెలువడుతూనే ఉన్నవి. 1957లో మంక్‌తో కార్నెగీ హాలులో వాయించిన కచేరీ టేపు 2005లో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయంలో బయటపడింది. 1963లో ముద్రించి మరుగున పడిన మరొకటి 2018లో విడుదలైంది. 2007లో పులిట్జర్ సంస్థ ఆయనకు ప్రత్యేక గౌరవం ప్రకటించింది.

కోల్ట్రేన్‌ను కొత్తగా వినదలచినవారు కష్టమైన తుదినాటి రికార్డులతో మొదలుపెట్టనక్కరలేదు. ‘బ్లూ ట్రెయిన్’, ‘కైండ్ ఆఫ్ బ్లూ’, ‘జయంట్ స్టెప్స్’, ‘ఎ లవ్ సుప్రీమ్’ అనే క్రమంలో, ఒక పూట ఒక వైపు చొప్పున విన్నా చాలును. ఏడేళ్ల వ్యవధిలో ఒక విద్యార్థి ఎంత దూరం నడిచినదీ ఆ క్రమంలో వినిపిస్తుంది. తొలి రికార్డులో మెరిసిన వేగం చివరిదానిలో ప్రార్థనగా నెమ్మదించింది. ఆ నడకకు ఖర్చయిన సాధకం, ముప్పై ఏళ్ల వయస్సున గదిలో గడిపిన ఆ కఠిన దినాలు మాత్రం ఏ గాడిలోను లేవు. అవి లేకుంటే ఈ రికార్డులలో ఒక్కటీ ఉండేది కాదు.