సర్ ఆర్థర్ కాటన్ దొర జీవితము – సేద్యమునకు తోడును ధనమును సమకూర్చిన విధము

ప్రతివత్సరమును మహాసభా సంచికయందు మన కులవృద్ధుల చరిత్రములను ప్రకటించుట మనకు ఆచారమై యున్నది. ఈ వత్సరము మన కులమున పుట్టక, మన దేశమునను పుట్టక, మన సేద్యమునకు మాత్రము మహోపకారము చేసిన యొకని చరిత్రమును వ్రాయ బూనితిమి. కారణమిది. మన మహాసభలలో రైతులు లేచి అడుగు ప్రశ్న యొక్కటియే: నలుగురము కలిసి క్రొత్త సేద్యవిధానమొకటి ఆరంభింపవలెనన్నచో మాకు తోడు వచ్చువారెవ్వరు? పెట్టుబడి యెక్కడనుండి వచ్చును? ఈ ప్రశ్నకు కాటన్ దొర జీవితముకన్న స్పష్టమైన ప్రత్యుత్తరము మాకు కానరాలేదు. గోదావరి మండలములలో ఆయన పటము లేని రైతు గృహములు కొన్నియే. ఆయన నీరు తెచ్చిన సంగతి యెల్లరెరుగుదురు. ఆ నీటికొఱకు ఆయన మనుష్యులను, ధనమును ఎట్లు సమకూర్చెనో యెరిగినవారు తక్కువ.

ఆర్థర్ థామస్ కాటన్ 1803వ సంవత్సరము మే నెల 15వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. సోదరులు పెక్కుమంది గల యింట పెరిగి, పదునైదేండ్ల ప్రాయముననే కుంపిణీవారి సైనిక విద్యాలయమున ప్రవేశించి, 1821లో చెన్నపట్టణమునకు ఇంజనీరుగా వచ్చెను. కొంతకాలమునకు ఆయనకు కావేరీ తీరమున పని యొప్పగింపబడెను. అచ్చట చోళరాజుల కాలమునాటి కల్లణై యను ప్రాచీనపు కట్ట యుండెను. అడుగున రాతినేల లేక, కేవలము ఇసుకపై నిలిచి, శతాబ్దముల వరదలకు ఓర్చిన కట్ట అది. ఇసుకలో పునాది నిలుపు విధము నాటి ఇంగ్లండు ఇంజనీర్లకు తెలియని విద్య. కాటన్ ఆ కట్టను శ్రద్ధతో పరిశీలించి, దాని మర్మమును గ్రహించి, 1836లో కొళ్లిడము నదిపై రెండు ఆనకట్టలను పూర్తిచేసెను. ఈ విద్య తనకు ఈ దేశీయులవలననే లభించెనని ఆయన దాచక చెప్పెను. ఆయనకు లభించిన మొదటి భాగస్వామి మన దేశపు పూర్వుల అనుభవమే యని మా అభిప్రాయము.

తరువాత ఆరోగ్యము చెడి కొంతకాలము సెలవుపై దేశాంతరమునందుండి, తిరిగి వచ్చిన పిదప 1840 దశకపు తొలిభాగమున ఆయన మన విశాఖపట్టణమునకు వచ్చెను. సముద్రపు కోత పట్టణమును బాధించుచుండ, తీరమునుండి నీటిలోనికి చొచ్చుకొనిపోవు రాతికట్టలను వేయించి, కెరటముల వేగమును తగ్గించి, ఇసుక నిలుచునట్లు చేసెను. ఓడరేవును ఉక్కు కర్మాగారమును గల నేటి పట్టణవాసులకు ఇది చిన్న పనిగా తోచవచ్చును. కాని నీటితో పోరాడక నీటి నడకను మలచుకొనవలెనన్న ఆయన పద్ధతి ఇచ్చటను కానవచ్చుచున్నది. గోదావరి పనికి ఆయన వెడలినది ఈ తీరమునుండియే.

అప్పటి గోదావరి మండలపు స్థితి మిక్కిలి దయనీయము. 1832-33లో డొక్కల కరువు వచ్చెను. 1839లో కోరంగి తీరమును తుపాను ముంచెను. 1821లో 7 లక్షల 38 వేలుగా నున్న రాజమహేంద్రవరపు జిల్లా జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగజారెను. ఒకవైపు ప్రజలు గింజలులేక వలసపోవుచుండ, మరియొకవైపు గోదావరి తన నీటినంతయు సముద్రమునకు సమర్పించుచుండెను. ప్రభుత్వమువారు ఈ దుస్థితిని విచారించుటకు సర్ హెన్రీ మాంట్‌గోమరీని నియమింపగా, నీటిపారుదలయే దీనికి మందని ఆయన 1844లో తెలిపెను. ఉపాయము చెప్పుటకు కాటన్ నియుక్తుడయ్యెను.

ఇక్కడ మన సభ్యులు శ్రద్ధతో గమనింపవలసిన యంశమున్నది. కుంపిణీవారు వర్తకులు. దయచేయుడని వేడుకొన్నచో ధనమిచ్చువారు కారు. కాటన్ గుఱ్ఱముపైనను పడవపైనను నదీతీరమెల్ల తిరిగి, నేల యెత్తుపల్లములను కొలిచి, 1844లోను 1845లోను తన నివేదికలను సమర్పించెను. వానియందు ప్రజల దుఃఖమును చెప్పుటతో ఊరకుండలేదు. నీరు గల తంజావూరు మండలము ఎట్లు కళకళలాడుచున్నదో, నీరులేని ఈ మండలపు శిస్తు ఎట్లు తరిగిపోవుచున్నదో పక్కపక్కన నిలిపి చూపెను. ఆనకట్టకగు వ్యయము 4 లక్షల 75 వేల రూపాయలపై చిల్లరగా అంచనా వేసి, ఆ ధనము ఏ విధముగా మరల చేతికి వచ్చునో వివరించెను. ఊరకుండుటవలన కలుగు నష్టము, పని చేయుటకగు వ్యయముకన్న పెద్దదని ఋజువు చేయుటయే ఆయన వాదమునకు బలము. 1846 డిసెంబరులో డైరెక్టర్ల సభవారు అనుమతి నొసంగిరి.

అనుమతి వచ్చినను అడిగినంత సహాయము రాలేదు. ఆరుగురు ఇంజనీర్లను, ఎనమండుగురు సహాయకులను, రెండువేల మంది తాపీపనివారిని ఆయన కోరెను. దొరకినది అందులో అల్పభాగము. అయినను ఆయన చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ధవళేశ్వరము చెంత నదీతీరముననే కొండ యుండుటచే రాయి దూరమునుండి తెప్పింప నక్కరలేకపోయెను. ఆ రాతిని పట్టాలపై బండ్లతో ఒడ్డునకు చేర్చి, పడవలపై నదిలోనికి పంపు నేర్పాటు చేసెను. చేతనున్న దానితోనే వ్యయమును తగ్గించు నీ యుపాయమే పనిని సాధ్యముచేసెను.

ఇంక మనుష్యుల సంగతి. వేలకొలది కూలీలను, రాళ్లు కొట్టువారిని, సున్నము కాల్చువారిని, పడవవాండ్రను కూర్చి, వారి భాషలో వారితో మాటలాడి, పని నడపుటకు దేశీయోద్యోగి యొకడు కావలసి వచ్చెను. ఆ భారమును వహించినవాడు వీణెము వీరన్నగారు. ఈ పనియందు వీరన్నగారి తోడ్పాటు ఎంత గొప్పదో కాటన్ స్వయముగా ప్రభుత్వమునకు నివేదించెను. ఆనకట్టను తలచుకొనునపుడు ఒక్క దొరనే తలచి, వీరన్నగారిని, పేరులేక పనిచేసిన ఆ వేలమందిని మరచుట కృతఘ్నత యగును.

1847లో పని ఆరంభమయ్యెను. నదీవిస్తారము సుమారు నాలుగు మైళ్లు, నడుమ లంకలు. అందుచేత ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా కట్ట సాగెను. ఎండదెబ్బచే కాటన్ ఆరోగ్యము దెబ్బతిని, 1848లో ఆయన సెలవుపై వెడలవలసి వచ్చెను. చాల కార్యములు ఇట్టి చోటనే ఆగిపోవును. ఇది ఆగలేదు. కెప్టెన్ ఆర్ అను సహచరుడు బాధ్యతను వహించి పని సాగించెను. 1850లో కాటన్ తిరిగి వచ్చెను. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను. ఒక్కని ఆయుస్సుపైగాని, ఒక్కని ఆరోగ్యముపైగాని ఆధారపడని విధముగా పనిని ఏర్పరచుట ఎంత యావశ్యకమో దీనివలన తెలియుచున్నది.

తరువాత కాలువలు త్రవ్వబడెను, లాకులు కట్టబడెను. గన్నవరమువద్ద హేగ్ అను యువ ఇంజనీరు 49 కమానులతో అక్విడక్టును నిర్మించి, గోదావరీ పాయమీదుగా కోనసీమలోని లంకభూములకు నీరు చేర్చెను. కెప్టెన్ ఆర్ పర్యవేక్షణమున 1855లో బెజవాడవద్ద కృష్ణానదిపై ఆనకట్ట ముగిసెను. కరువు పేరు చెప్పుకొని వలసపోయిన మండలము అన్నపూర్ణ యని పేరొందెను. పాత ఆనకట్ట శతాబ్దమునకు మించి సేవ చేసిన పిదప, 1970లో ఆరంభమై 1982లో ముగిసిన నూతన బ్యారేజికి కాటన్ పేరే పెట్టబడినది. దానిక్రింద నేడు సుమారు 10 లక్షల యెకరములు సాగగుచున్నవి.

కాటన్ కుంపిణీ కొలువులోని వాడనియు, శిస్తు పెరుగుదలయే ఆ కొలువువారి యాశయమనియు మేము మరువలేదు. అయినను రైతు లాభమును, ధనమిచ్చువాని లాభమును ఒకే కాలువలో ప్రవహింపజేయుట ఆయన నేర్పు.

ఆయన జీవితమున ఓటమియు నున్నది. అది గెలుపుకన్న మనకు మిక్కిలి బోధకరము. ప్రభుత్వ ధనము చాలదని తలచి, ఆయన ప్రోత్సాహముతో 1858లో ఇంగ్లండులో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ ఏర్పడెను. పది లక్షల పౌనుల మూలధనముపై నూటికి 5 వంతున వడ్డీకి ప్రభుత్వము పూచీపడెను. ఆ ధనముతో తుంగభద్రపై సుంకేసులవద్దనుండి కర్నూలు కడప కాలువ త్రవ్వబడెను. ధనమునకు లోటు రానక్కరలేని యేర్పాటది. వడ్డీకి భయము లేదు. కాని ఆ నల్లరేగడి నేలలలో జొన్నయు ప్రత్తియు మెట్టపైరుగా పండించుకొను రైతు ఆ నీటిని కోరలేదు. క్రొత్త నీటికి తగిన పైరును, పద్ధతిని, పన్నును గూర్చి అతనితో ముందుగా ఒప్పందము కుదురలేదు. కాలువ నిండెను, పొలములు మాత్రము ఎదురుచూచిన మేరకు తడియలేదు. కంపెనీ అప్పులపాలై, 1882లో ప్రభుత్వమే దానిని కొనవలసి వచ్చెను. కాలక్రమమున ఆ కాలువయే కర్నూలు, కడప రైతులకు జీవాధారమైనది. అది రైతు తోడైన పిదప కలిగిన ఫలము. గోదావరివద్ద ధనము కొఱత, తోడు సమృద్ధి. కర్నూలువద్ద ధనము సమృద్ధి, తోడు కొఱత. రెండింటి ఫలితములు మన కన్నులయెదుట నున్నవి.

1861లో ఆయన సర్ బిరుదమునొంది, ఉద్యోగము విరమించిన పిదప స్వదేశమున నివసించెను. రైలుమార్గములకన్న కాలువలపై వ్యయము చేయుటయే భారతదేశమునకు మేలని ఆయన వాదింపగా, 1878లో పార్లమెంటు సంఘమువారు ఆయనను తీవ్రముగా ప్రశ్నించిరి. ఆయన తన మాటను విడువలేదు. వార్ధకమున డార్కింగు పట్టణమునందు నేలను మిక్కిలి లోతుగా దున్ని పంట పెంచు పద్ధతులను స్వయముగా పరీక్షించుచు, 1899 జూలై 24న, 96 యేండ్ల ప్రాయమున కాలధర్మము చెందెను. తొంబదేండ్లు దాటిన ప్రాయమునను మట్టిని చేతబట్టి ప్రయోగము చేయుట ఆయనకే చెల్లినది.

మన విశాఖ ప్రాంతమునకు ఈ చరిత్రము దూరపుది కాదు. 1913లో అనకాపల్లియందు చెఱకు పరిశోధనాస్థానము వెలసినది. బెల్లపు వర్తకమునకు పేరొందిన ఆ ప్రాంతపు రైతులకు క్రొత్త వంగడములు దానివలన అందినవి. 1933లో ఏటికొప్పాకయందు చెఱకు రైతులు భాగస్వాములై సహకార చక్కెర కర్మాగారమును స్థాపించిరి. దేశమున అట్టివానిలో అది తొలుదొల్తటివానిలో నొకటి. శాస్త్రజ్ఞుడు, రైతు, ధనమిచ్చువాడు అను మువ్వురు కలిసినచో ఏమి జరుగునో వీనివలన విదితము. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగిన పిదప మన కుటుంబములలో పెక్కుమంది నాగలిని విడిచి ఉద్యోగములలో ప్రవేశించిరి. వారు సంపాదించిన ధనములో కొంత పల్లెలోని సోదరుని పొలమునకు పెట్టుబడి కావలెనన్నది మా కోరిక. అది దానముగా కాక, భాగస్వామ్యముగా కావలెను.

ఇందుకు మా విన్నపము మూడు మాటలలో చెప్పెదము. మొదట, పనికి దిగబోవు రైతులు తమ నేలను, నీటిని, ఇప్పటి నష్టమును కొలిచి, లెక్కను కాగితముపై పెట్టవలెను. లెక్క లేని కోరికకు ఏ బ్యాంకును, ఏ పోషకుడును చెవియొగ్గరు. రెండవది, ఆ యూరి వృద్ధుల అనుభవమును, పరిశోధనాస్థానపు శాస్త్రజ్ఞుల సలహాను ముందే తీసికొనవలెను. మూడవది, ఆ పని ఫలముననుభవింపబోవు రైతు తన వంతు ధనమునో శ్రమనో మొదటి దినముననే పెట్టవలెను; అప్పుడే అది అతని పని యగును. ఈ మూడును గల ప్రయత్నము మన సంఘపు కార్యవర్గము నెదుటికి వచ్చినచో, ధనమున్న మన పోషకులు వెనుకాడరని మా నమ్మకము. కాటన్ దొర గోదావరిని ఒంటరిగా ఆపలేదు; మనమును ఒంటరిగా ఒక్క మడినైనను తడుపజాలము. కావున ఈ మహాసభనుండి ఇంటికి మరలునపుడు ప్రతి గ్రామమునుండి అట్టి లెక్క యొకటి సిద్ధపడునట్లు కులబాంధవులెల్లరును సంకల్పింతురు గాక యని కోరుచున్నాము.