రుచికి శాస్త్రము వ్రాసిన న్యాయమూర్తి

ఒక న్యాయమూర్తి పాతికయేండ్లపాటు తన దేశపు అత్యున్నత న్యాయస్థానమున కూర్చుండి తీర్పులు చెప్పెను. ఆ తీర్పులలో ఒక్కటియు నేడు సామాన్య పాఠకునకు తెలియదు. తీరిక వేళలలో భోజనమును గూర్చి ఆయన వ్రాసికొన్న గ్రంథము మాత్రము రెండువందల ఏండ్లుగా చదువబడుచునే యున్నది. ఆయన ఫ్రాన్సు దేశీయుడు. పేరు జాఁ ఆంతెల్మ్ బ్రియా సవారిన్. ఆ గ్రంథమున చాక్లెట్ పానీయమును కాచు విధమును తెలుపు కొన్ని పంక్తులు కలవు. అవి ఆయనకు ఎవరివలన లభించెనో, ఎట్టి ఉపద్రవములను దాటి మనవఱకు వచ్చెనో తెలిసికొన్నచో ఆ జీవితపు సారము మనకు చేజిక్కును.

1755 ఏప్రిల్ నెలలో బ్రియా సవారిన్ బెలే అను చిన్న పట్టణమున జన్మించెను. ఫ్రాన్సునకు తూర్పున, రోన్ నదికి చేరువగా, సవాయ్ పర్వతములకు ఎదురుగా నుండు బ్యూజే సీమకు అది ముఖ్యస్థానము. ఆయన వంశమున న్యాయవాదవృత్తి తరతరములుగా వచ్చుచుండెను. ఆయనయు దిజోన్ నగరమున ధర్మశాస్త్రము చదివి, దానితోపాటు రసాయన వైద్యశాస్త్రములను కూడ కొంత అభ్యసించెను. వయొలిన్ వాయించుట నేర్చెను. అడవిపక్షులకును, ఏటి చేపలకును, మంచి ద్రాక్షతోటలకును పేరుపడిన సీమ అగుటచే, నాలుకకు శిక్షణ ఇంటనే లభించెను.

చాక్లెట్ అనగానే మనకు నేడు కాగితము విప్పి తిను బిళ్ల తలపునకు వచ్చును. ఆ కాలమున అది ప్రధానముగా త్రాగునది. కోకో గింజ మెక్సికో దేశమున స్పెయిన్ వారి చేతికి వచ్చి, అక్కడినుండి ఫ్రాన్సునకు చేరెను. 1615లో పదమూడవ లూయీ రాజును పెండ్లాడి వచ్చిన స్పెయిన్ రాజకుమారి ఆన్ ఈ పానీయమును తనతో తెచ్చెనని చెప్పుదురు. గింజలను వేయించి, పొట్టు తీసి, వేడిచేసిన రాతిమీద చేతితో నూరి, చక్కెరను దాల్చినచెక్కను కలిపి అచ్చులు పోయుదురు. పరిమళమునకై వెనిలాను చేర్చుటయు కలదు. ఇంత శ్రమతో కూడినది కావున అది సంపన్నుల పానీయమయ్యెను. క్రైస్తవ మఠములలో కూడ దానికి ఆదరము కలిగెను. ఉపవాసదినమున దీనిని త్రాగినచో వ్రతభంగమగునా కాదా యని పదునేడవ శతాబ్దమున మతపండితులు గట్టిగా వాదించుకొనిరి.

బెలే పట్టణమున విజిటేషన్ సంప్రదాయమునకు చెందిన సన్న్యాసినుల మఠము ఒకటి యుండెను. దాని అధ్యక్షురాలు మదాం దారెస్త్రెల్. ఇరువది యేండ్ల ప్రాయమున నున్న బ్రియా సవారిన్‌కు ఆమె ఒక రహస్యమును చెప్పెను. మంచి చాక్లెట్ కావలయునన్నచో దానిని ముందటి సాయంకాలమే పింగాణీ పాత్రలో కాచి, ఆ రాత్రి అట్లే విడిచిపెట్టవలయును. రాత్రి విశ్రాంతి వలన అది చిక్కబడి పట్టువంటి మెత్తదనమును పొందును. ఇంతమాత్రపు సున్నితమైన శ్రద్ధకు దేవుడు కోపగింపడు, ఏలయన ఆయనయే సర్వోత్తముడు. ఇది ఆమె చెప్పిన మాటల భావము. ఆ యువకుడు దానిని మనస్సున భద్రపరచుకొనెను. వ్రాసికొని అచ్చువేయుటకు మాత్రము ఏబదియేండ్లు పట్టెను. ఆ నడుమ ఆమె ఎఱిగిన లోకమంతయు తలక్రిందులయ్యెను.

1789లో బెలే ప్రజలు ఆయనను జాతీయసభకు ప్రతినిధిగా పంపిరి. 1791లో మరణదండనను రద్దుచేయవలెనను ప్రతిపాదన సభకు వచ్చినపుడు, అది యుండవలసినదే యని ఆయన ప్రసంగించెను. ఆ ప్రసంగము ఆయనకు కొంత పేరు తెచ్చెను. అంతలో కాలచక్రము తిరిగెను. 1790లో సన్న్యాస వ్రతములను రద్దుచేసిన ప్రభుత్వము 1792లో మఠములను మూయించెను. స్వగ్రామమున నగరాధ్యక్షుడై యుండిన బ్రియా సవారిన్ మితవాది యగుటచే తీవ్రవాదులకు అనుమానపాత్రుడయ్యెను. శిరచ్ఛేదయంత్రము పగలు రాత్రి పనిచేయుచున్న దినములవి. తాను సభలో సమర్థించిన శిక్షయే తన మెడమీదికి వచ్చునట్లుండెను.

కారాగారమును తప్పించుకొనుటకు అనుమతిపత్రము కావలసి, దోల్ పట్టణమున నున్న ప్రభుత్వ ప్రతినిధి ప్రో అను వాని యొద్దకు ఆయన గుఱ్ఱముపై బయలుదేరెను. దారిలో ఒక పూటకూటియింట దిగగా, పొయ్యివద్ద ఇనుపకడ్డీకి గుచ్చిన పక్షిమాంసము కాలుచుండెను. అది ఎవరికో సిద్ధమగుచున్న విందు. కొందఱు న్యాయవాదులు ఒక ఆస్తి విలువకట్టు పని ముగించుకొని భోజనమునకు చేరియుండిరి. ఆయన వినయముగా అడిగి వారి పంక్తిలో కూర్చుండి, ప్రాణభయము నడుమను తృప్తిగా భుజించెను. దోల్‌లో ప్రతినిధి ఆయనను కఠినముగనే చూచెను. కాని ప్రతినిధి భార్యకు సంగీతమున మిక్కిలి మక్కువ. ఆమె భోజనమునకు పిలిచెను. అనంతరము ఇద్దఱును పాడిరి. కళలను సేవించువాడు దేశద్రోహి కానేరడని ఆమె తీర్మానించెను. మఱునాడు అనుమతిపత్రము చేతికి వచ్చెను. అప్పటికి సంగీతము ఆయన ప్రాణమును కాపాడెను.

అయినను గండము పూర్తిగా గడువలేదు. ఆయన స్విట్జర్లండునకు పాఱిపోయి, అక్కడినుండి 1794లో అమెరికా చేరెను. ఆస్తి పోయెను, ద్రాక్షతోట పోయెను. న్యూయార్కులో ఫ్రెంచి భాష నేర్పుచు, నాటకశాల వాద్యబృందమున వయొలిన్ వాయించుచు పొట్టపోసికొనెను. హార్ట్‌ఫర్డ్ సమీపమున ఒక రైతు అతిథియై అడవి టర్కీకోడిని వేటాడెను. బోస్టనులో భోజనశాల నడుపుచున్న జూలియన్ అనువానికి గ్రుడ్లను చీజ్‌తో కలిపి వండు తన సీమ వంటకమును నేర్పెను. అమెరికనులవలె మాటలాడుచు, వారివలె దుస్తులు ధరించుచు, వారికంటె తెలివిగలవానివలె కనబడక మెలగుటయే అచట తన సుఖజీవనమునకు కారణమని ఆయన తరువాత వ్రాసెను. పరదేశమున బ్రతుకవలసినవారు నేడును స్మరింపదగిన సూత్రమిది.

ఆయనవంటి నిర్వాసితులలో పలువురకు వంటయింటి విద్యయే అన్నము పెట్టెను. కొలే అను సైనికాధికారి న్యూయార్కులో మంచుపానీయములు చేసి అమ్మెను. దాల్బిన్యాక్ అను మఱియొక ఫ్రెంచివాడు లండనున ధనికుల ఇండ్లకు పోయి పచ్చికూరలను మసాలాలతో కలుపుటయే వృత్తిగా చేసికొని ఎనుబదివేల ఫ్రాంకులకు పైగా కూడబెట్టెను. వీరి కథలను బ్రియా సవారిన్ ఆదరముతో తన గ్రంథమున చేర్చెను. బిరుదులను, భూములను ప్రభుత్వము లాగికొనవచ్చును. చేతిలోని నేర్పును, నోటిలోని రుచిని లాగికొనజాలదు. ఈ సత్యమును ఆయన అనుభవించి తెలిసికొనెను.

సుమారు మూడేండ్ల ప్రవాసానంతరము ఆయన స్వదేశమునకు మరలెను. కొంతకాలము సైన్యమున ఉద్యోగము చేసి, 1800లో పారిస్ నగరపు అత్యున్నత న్యాయస్థానమున సభ్యుడై, మరణించువఱకు ఆ పదవిలో నుండెను. నెపోలియన్ వచ్చెను, పోయెను. రాజులు మరల సింహాసనమెక్కిరి. ఆయన మాత్రము వివాహము లేక, స్నేహితులను భోజనమునకు పిలుచుచు, చూచినదియు విన్నదియు కాగితములపై కూర్చుకొనుచుండెను. 1825 డిసెంబరులో తన ఖర్చుతో, పేరు లేకుండ, రుచుల స్వభావమును వివరించు ఆ గ్రంథమును ప్రకటించెను. న్యాయమూర్తి తిండిని గూర్చి వ్రాయుట గౌరవభంగమని లోకము తలచునేమో యను సంకోచమే పేరు దాచుటకు కారణము కావచ్చును.

అందు చాక్లెట్‌ను గూర్చిన భాగము న్యాయపత్రమువలె నిష్కర్షగా నుండును. ఒక కప్పునకు ఔన్సున్నర, అనగా మన లెక్కకు సుమారు 45 గ్రాముల చాక్లెట్ తీసికొనవలయును. నీరు వేడెక్కుకొలది అందు మెల్లగా కరగనిచ్చుచు, కొయ్యగరిటెతో త్రిప్పుచుండవలయును. తరువాత పావుగంట మరిగించినచో చిక్కదనము వచ్చును. వేడివేడిగా ఇయ్యవలయును. దీనివెంటనే మదాం దారెస్త్రెల్ చెప్పిన రాత్రి విశ్రాంతి సూత్రమును ఆమె పేరుతో, ఆమె మఠము పేరుతో పేర్కొనెను.

ఆ సూత్రమున శాస్త్రము లేకపోలేదు. కోకో గింజలో ఇంచుమించు సగము కొవ్వు, కొంత పిండిపదార్థము నుండును. మరిగినపుడు పిండి నీటిని పీల్చి ఉబ్బును, చల్లారుచున్నకొలది చిక్కబడును. సన్నని కోకో రేణువులును నెమ్మదిగా నానును. అందుచేత మఱునాడు తిరిగి వేడిచేసినపుడు నూనె ఒకవైపు, నీరు ఒకవైపు కాక పానీయమంతయు ఒక్కటై నాలుకకు తగులును. కొవ్వును యంత్రముతో పిండివేసి కోకోపొడిని చేయు పద్ధతికి హాలండు దేశమున 1828లో గాని అధికారపత్రము లభింపలేదు. కావున ఆయన ఎఱిగినది గింజలోని కొవ్వంతయు కలిగిన చిక్కని పానీయమే. పొడితో చేసినది పలుచనగుటకు కారణమిదియే.

ఇంట చేయగోరువారు కోకోపాలు హెచ్చుగా నున్న నల్లని చాక్లెట్‌ను తీసికొని, ఈ కొలతనే పాటింపవచ్చును. నీటికి బదులు పాలు వాడినచో అడుగంటకుండ సన్ననిమంటపై విడువక కలుపవలయును. బెలే రాత్రులు చలివి. మన రాత్రులు అట్టివి కావు గనుక చల్లారిన పాత్రను మూతపెట్టి ఫ్రిజ్‌లో నుంచి, ఉదయమున మరల వేడిచేసి, కవ్వముతో నాలుగుసార్లు చిలుకుట మంచిది. ఆ గింజ మనకు పరాయిదియు కాదు. గోదావరి ప్రాంతపు కొబ్బరితోటల నీడలో నేడది అంతరపంటగా పండుచున్నది.

ఈ తీపి వెనుక చేదు కూడ కలదు. ఆయన కప్పులోని చక్కెర బానిసల చెమటతో పండినది. ఫ్రాన్సు 1794లో బానిసత్వమును రద్దుచేసి, 1802లో మరల నెలకొల్పి, 1848లో గాని తుదముట్టింపలేదు. ఆ కాలపు విందులను తలచునపుడు ఈ మాటను మఱచుట న్యాయము కాదు.

గ్రంథము వెలువడిన రెండు నెలలకే, 1826 ఫిబ్రవరి 2న, ఆయన కన్నుమూసెను. జనవరి 21న సెయింట్ దెనీ దేవాలయమున పదునాఱవ లూయీ రాజు స్మారక ప్రార్థనకు పోయి, ఆ చలిలో జబ్బుపడెను. తన గ్రంథమునకు వచ్చిన కీర్తిని ఆయన నిండుగా చూడలేదు. తరువాత బాల్జాక్ వంటి మహారచయిత ఆయన జీవితమును గూర్చి వ్రాసెను. ఒక తీపిరొట్టెకును, ఒక చీజ్‌కును ఆయన పేరు పెట్టిరి.

మదాం దారెస్త్రెల్ గ్రంథము వ్రాయలేదు. ఆమె మఠజీవనమును విప్లవము తుడిచివేసెను. అయినను ఆమె పేరు నిలిచెను. ఏలయన ఆమె మాటను వినిన యువకుడు, విద్వాంసుని వాక్యమును ఉదాహరించునంత గౌరవముతో, చెప్పినవారెవరో దాచక వ్రాసెను. మన ఇండ్లలోను ఆవకాయ కలుపు కొలత, అరిసె పాకపు ఆనవాలు ఎఱిగిన వృద్ధురాండ్రు కలరు. వారి విద్య వారితోనే పోవుచున్నది. మన విద్యార్థులు సెలవులలో ఇంటికి పోయినపుడు అట్టి మాట నొక్కదానిని అడిగి, చెప్పినవారి పేరుతో, ఊరి పేరుతో వ్రాసికొని వచ్చినచో, అది ఏ పాఠ్యగ్రంథమునకును తీసిపోని పాఠమగును.