బీపీ మందు వేరులో హకీం అజ్మల్ ఖాన్ పేరు

ఢిల్లీ బల్లీమారాన్‌లోని షరీఫ్ మంజిల్ హకీంల ఇల్లు. మొఘలుల కాలం నుంచి వైద్యమే ఆ ఖాందాన్ వృత్తి. అజ్మల్ ఖాన్ 1868లో ఆ ఖాందాన్‌లోనే పుట్టారు. ఖురాన్ కంఠస్థం చేశారు, తిబ్ ఇంటి పెద్దల దగ్గరే నేర్చుకున్నారు. ఢిల్లీకి వచ్చిన రోగి నవాబైనా కూలివాడైనా ఫీజు తీసుకునేవారు కాదట. బయటి ఊరికి పిలిస్తే మాత్రం రోజుకు వెయ్యి రూపాయలు!

కాంగ్రెస్, ముస్లిం లీగ్, ఖిలాఫత్ సభలు మూడింటికీ ఆయన అధ్యక్షత వహించారు. జామియా మిల్లియాకు తొలి ఛాన్సలర్ కూడా ఆయనే. ఇవి చాలామందికి తెలిసిన సంగతులే.

తెల్లదొరలు దేశీ వైద్యాన్ని చిన్నచూపు చూస్తున్న రోజుల్లో, 1910లో, హకీంలనూ వైద్యులనూ ఒకే వేదికపైకి తెచ్చారు. అలాగని పాత కితాబుల్లో ఉన్నదంతా కళ్లు మూసుకుని నమ్మమనలేదు. 1911లో యూరప్ వెళ్లి ఆసుపత్రులు చూసొచ్చారు. మన మూలికలనూ ప్రయోగశాలలో పరీక్షించాలని పట్టుబట్టారు. ఇది కొందరు సంప్రదాయ హకీంలకు అస్సలు నచ్చలేదు. అయినా తిబ్బియా కాలేజీ కట్టించారు. 1921లో గాంధీజీ దాన్ని ప్రారంభించారు. అక్కడ పరిశోధన కోసం జర్మనీలో చదివిన సలీముజ్జమాన్ సిద్దీఖీని ఎంచుకున్నారు. కానీ ఆ పని మొదలవకముందే, 1927 డిసెంబర్ 29న, హకీం సాహెబ్ కన్నుమూశారు.

సిద్దీఖీ పని ఆపలేదు. హకీంలు అస్రోల్ అని, మనం సర్పగంధి అని పిలిచే మొక్క వేరు నుంచి 1931లో కొన్ని పదార్థాలు వేరు చేశారు. వాటికి అజ్మలిన్, అజ్మలిసిన్ అంటూ హకీం సాహెబ్ పేరే పెట్టారు.

రక్తనాళం గోడలో సన్నని కండర పొర ఉంటుంది. నరాల చివర్ల నుంచి వచ్చే నార్‌అడ్రినలిన్ తగిలితే అది బిగుస్తుంది, బీపీ పెరుగుతుంది. అజ్మలిసిన్ ఆ రసాయనం తగలాల్సిన చోట తానే వెళ్లి కూర్చుంటుంది. దాంతో నాళం సడలుతుంది. ఇదే వేరు నుంచి 1952లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు రిసర్పిన్ తీశారు. దాని పద్ధతి వేరు. అది నరాల చివర్లలో నిల్వ ఉన్న నార్‌అడ్రినలినే ఖాళీ చేస్తుంది. అందుకే బీపీ ఒక్కసారిగా కాక మెల్లగా దిగుతుంది. ముక్కులోని నాళాలు కూడా సడలడంతో ముక్కు దిబ్బడ వేసేది, కొందరికి మనసు కుంగిపోయేది. ఇప్పుడు డాక్టర్లు దాన్ని అరుదుగానే రాస్తున్నారు. కాబట్టి వేరు తెచ్చుకుని ఇంట్లో నూరుకుని తాగే పని పెట్టుకోవద్దు.

ఇక అజ్మలిన్ పనిచేసేది నాళాల మీద కాదు, గుండె లయ మీద. లోపల దాగిన ఒక రకం లయదోషాన్ని బయటపెట్టడానికి యూరప్ ఆసుపత్రుల్లో ఇప్పటికీ ఆ సూదిమందు ఇచ్చి ఈసీజీ చూస్తుంటారు.