గోదావరి చిత్రకారులు దామెర్ల రామారావు గారు

మన పూర్వులలో ఎందరో గోదావరి సముద్రంలో కలిసే చోటనున్న కోరంగి రేవులో ఓడ ఎక్కి చెరకుతోటలకు వెళ్లారు. వారు విడిచి వచ్చిన నదిని రంగులలో చూడగోరేవారు దామెర్ల రామారావు గారిని తెలుసుకోవలెను.

వారు 1897 మార్చి 8న రాజమహేంద్రవరంలో జన్మించారు. బాల్యం నుండి బొమ్మలు గీయుటయే వారి లోకం. అక్కడి ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షులైన ఆంగ్లేయుడు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర తానూ చిత్రకారుడే. ఆయన ఈ బాలుని నేర్పు గుర్తించి, 1916లో బొంబాయి జె.జె. కళాశాలకు పంపించారు. చదువు ముగిసిన పిమ్మట రామారావు గారు స్వస్థలానికే వచ్చి, 1922లో చిత్రకళాశాలను స్థాపించారు.

పుష్పాలంకరణ, సిద్ధార్థ రాగోదయం వంటి చిత్రాలు వారికి పేరు తెచ్చాయి. నాకు మాత్రం తూర్పు కనుమల నడుమ వారు చిత్రించిన గోదావరి మీదనే మనసు.

నీటిరంగులతోను, తైలవర్ణాలతోను వారు చిత్రాలు వేశారు. తైలవర్ణం త్వరగా ఆరదు. పచ్చిగా ఉండగానే కుంచెతో అంచులను మెత్తగా కలిపివేయవచ్చును. పొగమంచులో కరిగే కొండను చూపుటకు ఈ గుణమే ఆధారం. దగ్గరి గట్టుకు ముదురు రంగులు, దూరపు కొండకు వెలిసిన నీలం వేస్తారు. ఎంత దూరమైతే అంత లేతగా వేయవలెను.

ఇది ఒక్క గోదావరికే చెందిన వింత కాదు. ఉద్యోగానికై ఒమాన్‌లో ఉంటున్న మనవారు సాయంవేళ మస్కట్ వెనుకనున్న హజర్ పర్వతాలను గమనించవచ్చును. చెట్టు లేని ఆ రాతికొండలు కూడా ధూళిలో, సముద్రపు తేమలో వరుస వెనుక వరుసగా వెలిసిపోతాయి. చిన్నపిల్లలకు చిత్రలేఖనం నేర్పేవారు ముందు ఆ కొండలను చూపితే, గోదావరి చిత్రం వారికి సులభంగా అర్థమవుతుంది.

1925 ఫిబ్రవరి 6న మశూచి వ్యాధితో రామారావు గారు కన్నుమూశారు. అప్పటికి వారికి ఇరువది ఎనిమిది ఏండ్లైనా నిండలేదు. చిత్రకళాశాల స్థాపించి మూడేండ్లే అయింది. మిత్రులు వరదా వెంకటరత్నం గారు ఆ భారాన్ని తలకెత్తుకుని, కళాశాలను నిలబెట్టి శిష్యులను తయారు చేశారు. రామారావు గారి భార్య సత్యవాణి గారు కూడా చిత్రకారిణియే.

వారి చిత్రాలు నేడు రాజమహేంద్రవరంలో వారి పేరిటనున్న చిత్రశాలలో ఉన్నాయి. పూర్వుల రేవును చూడ కోరంగి వెళ్లేవారికి ఆ ఊరు ఎంతో దూరం కాదు.