బడిని ముంగిట్లోకి తెచ్చిన తారాబాయి మోడక్

ఈసారి గోడపత్రికకి నేను తారాబాయి మోడక్ గారి జీవితం రాస్తున్నాను. మహారాష్ట్ర, గుజరాత్‌లలో ఆవిడ పేరు చాలామంది టీచర్లకు తెలుసు. మన వైపు తక్కువ మందికి తెలుసు. కానీ మన గూడేల్లో అంగన్‌వాడీకి ఎల్లి వచ్చిన వాళ్ళందరికీ ఆవిడతో సంబంధం ఉంది. అదెలాగో చెప్తాను.

తారాబాయి గారు 1892వ సంవత్సరం ఏప్రిల్ 19న పుట్టారు. ఆ రోజుల్లో ఆడపిల్ల బడికి పోవడమే గొప్ప. ఆవిడ 1914లో బొంబాయి విశ్వవిద్యాలయంలో డిగ్రీ పాసయ్యారు. పెళ్ళి చేసుకున్నారు గాని ఆ కాపురం నిలబడలేదు. తరువాత రాజ్‌కోట్‌లో ఆడవాళ్ళకు టీచరు ట్రైనింగు ఇచ్చే కాలేజీకి ప్రిన్సిపాల్‌గా చేశారు. అంత పెద్ద ఉద్యోగం వదిలేసి 1923లో భావ్‌నగర్ ఎల్లి గిజుభాయి బధేకా గారి బాలమందిరంలో చేరారు. అంటే ప్రిన్సిపాల్ గారు పోయి చంటిపిల్లల మధ్యలో కూర్చున్నారన్నమాట.

ఆ బాలమందిరంలో ఇటలీ దేశపు డాక్టరు మరియా మాంటిస్సోరి గారి పద్ధతిలో చెప్పేవారు. పిల్లల్ని కొట్టకూడదు, భయపెట్టకూడదు. వస్తువులు చేత్తో పట్టుకుని, వాళ్ళంతట వాళ్ళే నేర్చుకోవాలి. గిజుభాయి గారు, తారాబాయి గారు కలిసి 1926లో నూతన బాల శిక్షణ సంఘం పెట్టారు. 1936లో ఆవిడ బొంబాయి దాదర్‌లో శిశువిహార్ మొదలుపెట్టారు.

అయితే ఒక చిక్కు ఉంది. ఆ సామాను చాలా ఖరీదు. అందుకని అక్కడికి చదువుకున్నవాళ్ళ పిల్లలు, కలిగినవాళ్ళ పిల్లలే ఎక్కువ వచ్చేవారు. మాంటిస్సోరి గారు 1907లో మొదటి బడి పెట్టింది రోమ్ నగరంలో పేదోళ్ళ పేటలో. మన దేశం వచ్చేసరికి అది ఉన్నోళ్ళ బడి అయిపోయింది. ఇది నాకు విచిత్రంగా తోచింది. గాంధీ గారి ఆలోచనలు కూడా మనసులో ఉండటంతో, తారాబాయి గారు 1945లో పల్లెకి ఎల్లిపోయారు. అప్పటికి ఆవిడ వయసు 53. మా అవ్వకన్నా ఏమంత చిన్న కాదు.

ఆ ఊరు పేరు బోర్డీ. అప్పటి ఠాణా జిల్లాలో సముద్రం ఒడ్డున ఉంటాది. చుట్టుపక్కల వార్లీ ఆదివాసులు ఉంటారు. గోడల మీద బియ్యప్పిండితో తెల్లబొమ్మలు గీసేది వాళ్ళే. ఆ కాలంలో వాళ్ళు భూస్వాముల దగ్గర వెట్టిచాకిరీ చేసేవోళ్ళు. తారాబాయి గారికి తోడుగా అనుతాయి వాఘ్ గారు వచ్చారు. ఈమెకి 13 ఏళ్ళకే పెళ్ళయి, ఆరు నెలల్లోనే భర్త పోయాడు. ఆ తరువాత కష్టపడి చదువుకుని టీచరయ్యారు.

బోర్డీలో బాలవాడి తెరిచారు. కానీ కూలోళ్ళ వాడల నుంచి పిల్లలు రాలేదు. మరొకరైతే వీళ్ళకి చదువు విలువ తెలీదని తిట్టి ఊరుకునేవారు. తారాబాయి గారు అలా అనుకోలేదు. పిల్లలు రాకపోతే మనమే పోదాం అనుకుని టీచర్లు సామాను మోసుకుని వాడల్లోకి ఎల్లారు. ఎవరిదో ఒకరి ముంగిట్లో పిల్లల్ని పోగేసేవారు. మొహాలు కడిగి, తల దువ్వి, గోళ్ళు తీసి, అప్పుడు ఆటలు, పాటలు. ఖరీదైన సామాను బదులు గింజలు, ఆకులు, గవ్వలు, గులకరాళ్ళు. అంగన్ అంటే ముంగిలి. అందుకే దాన్ని అంగన్ బాలవాడి అన్నారు.

ఇక్కడ మా ఇంటి సంగతి రాయాలి. మా తమ్ముడికి నాలుగో ఏడు. వాణ్ణి జూన్‌లో మండలంలో ఉన్న ఇంగ్లీషు మీడియం కాన్వెంటుకి ఆటోలో పంపాలని మా అయ్య పట్టు. ఫీజుకి మేకల్ని అమ్మేత్తానంటున్నాడు. అంగన్‌వాడీలో గుడ్డు పెడతారు గాని చదువు రాదంటాడు. టై కట్టుకున్న పిల్లల్ని చూస్తే ఆయనకి ఆశ. వేలిముద్ర వేసే మనిషికి ఆ ఆశ తప్పు అని నేను అనను. కానీ మేము ఇంట్లో కువి మాట్లాడతాం. తమ్ముడికి తెలుగే సరిగా రాదు. అంగన్‌వాడీ ఆయమ్మకి కువి వచ్చు, వాడు ఆవిడ దగ్గర గలగలా మాట్లాడతాడు. కాన్వెంటులో ఎవరితో మాట్లాడతాడు? గిజుభాయి గారు, తారాబాయి గారు చిన్నపిల్లలకి సొంత భాషలోనే చెప్పాలన్నారు. మా అయ్య ఆదివారం నన్ను చూడ్డానికి వస్తాడు. ఈ కథంతా ఆయనకి కువిలో చెప్దామనుకుంటున్నాను. అమ్మ నా వైపే. ఇంకా ఏదీ తేలలేదు.

1957లో తారాబాయి గారు, అనుతాయి గారు దగ్గర్లోని కోస్‌బాడ్ కొండకి మకాం మార్చారు. అక్కడ మరో సంగతి తెలిసింది. పెద్దపిల్లలు చంకలో తమ్ముణ్ణో చెల్లినో వేసుకుని ఉంటారు, అందుకే బడికి రాలేరు. ఇది మనలో చాలామందికి అనుభవమే. దానికి ఆవిడ ఒకే ఆవరణలో ఉయ్యాలపిల్లలకి ఒక చోటు, బాలవాడి, ప్రాథమిక పాఠశాల మూడూ పెట్టించారు. దాని పేరు వికాసవాడి. పశువులు కాసే పిల్లల కోసం టీచర్లు పచ్చిక బీళ్ళకే పోయి చెప్పేవారు. పశువులు మేస్తా ఉంటే పక్కన చదువు సాగేది. ఇది చదివినప్పుడు నాకు మా అయ్య చిన్నతనం గుర్తుకొచ్చింది. ఆయన కాసింది కూడా పశువుల్నే. ఆ బీడుకి ఏ టీచరూ రాలేదు.

1962లో ప్రభుత్వం తారాబాయి గారికి పద్మభూషణ్ ఇచ్చింది. 1973 ఆగస్టు 31న ఆవిడ కన్నుమూశారు. రెండేళ్ళ తరువాత, 1975 అక్టోబరు 2న, దేశంలో 33 బ్లాకుల్లో అంగన్‌వాడీలు మొదలయ్యాయి. అది ఆవిడ చూడలేదు. అనుతాయి గారు చూశారు. ఆమె 1992లో పోయారు.